అత్తయ్య బొగ్గుల కుక్కరు

బొగ్గుల మీద వండే కుక్కరు ఒకటి ఉండేదంటే ఈనాటి పిల్లలు నమ్మరు. కుక్కరంటే వాళ్ళ లెక్కలో గ్యాసు పొయ్యి మీద కూర్చుని ఈలలు వేసేదే. ఆ ఈలలు వేసే జాతి మన దేశంలో తయారు కావటం 1959లో మొదలైంది. హాకిన్సు, ప్రెస్టీజి రెండూ ఆ ఏడే రంగంలోకి దిగాయి. అంతకు ముందు యాభై ఏళ్ళ పాటు కుక్కరంటే నోరూ వాయీ లేని బుద్ధిమంతురాలు. కడుపులో గుప్పెడు నిప్పులు పెట్టుకుని, వసారాలో ఒక మూల కూర్చుని, ఇంటివాళ్ళు ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోతే తన పని తాను చేసుకునేది.

దాన్ని కనిపెట్టినాయన బెంగాలీ, పేరు ఇందుమాధవ మల్లిక్. వైద్యం చదివాడు, న్యాయశాస్త్రం చదివాడు, అదీ చాలక తత్వశాస్త్రం కూడా చదివాడు. ఇన్ని చదివినవాడు వంట సంగతి ఆలోచించటం విశేషమే మరి. 1910లో ఈ కుక్కరు చేసి దానికి ఇక్మిక్ కుక్కరని నామకరణం చేశాడు. ఆరోగ్యం, పొదుపు అనే అర్థాలిచ్చే రెండు ఇంగ్లీషు మాటల తోకలు కత్తిరించి అతికితే ఆ పేరు వచ్చిందంటారు. పూరీ జగన్నాథుడి వంటశాలలో కుండ మీద కుండ పెట్టి ప్రసాదం వండటం చూసి ఆయనకీ ఊహ తోచిందని కూడా చెబుతారు. పూరీలో అన్నిటికంటె పైనున్న కుండ ముందుగా ఉడుకుతుందని భక్తుల నమ్మకం. మా ఇంటి కుక్కరు మాత్రం పచ్చి లోకజ్ఞాని. నిప్పుకు దగ్గరగా ఉన్న అడుగు గిన్నెనే ముందు ఉడికిస్తుంది.

మన వైపు ఆ కోవకే చెందిన రుక్మిణి కుక్కరు వాడుకలో ఉండేది. మా ఇంట్లో అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. బందరులో మా తాతగారి ఇంటి అటక మీద అది ఉన్నట్టు చిన్నప్పుడు విన్నాను గాని, 2000 సంవత్సరం దాకా కంటితో చూడలేదు. ఆ ఏడు ఆ ఇల్లు అమ్మేశాం. సామాను దింపటానికి మా అన్నయ్యా నేనూ వెళ్ళాం. పాత ఇత్తడికి, రాగికి కిలోల లెక్కన బేరం కుదిరింది. కొనేవాడు గుమ్మంలో తరాజు పెట్టుకుని కూర్చున్నాడు. గంగాళాలు, కాగులు, చేదలు ఒక్కొక్కటే తరాజు ఎక్కుతున్నాయి. చిట్టచివర, గోనెసంచిలో చుట్టి ఉన్నది, మోకాలెత్తు ఇత్తడి పీపా ఒకటి దిగింది. నల్లగా మసిబారి, అక్కడక్కడ పచ్చగా చిలుము పట్టి ఉంది. అడుగున గాలి పోవటానికి చుట్టూ చిల్లులు, పైన మూత, పక్కన రెండు చేతిపిడులు. ఒక పిడి ఊడిపోయింది.

"ఆరు కిలోల పైమాటే" అన్నాడు తరాజువాడు, చూపుతోనే తూచి.

మూత తీస్తే లోపల ఇంకో పాత్ర, ఆ పాత్రలో మూడు గిన్నెలు ఒకదాని మీద ఒకటి, టిఫిను కారియరులాగే. అడుగున నిప్పులు పెట్టే ఇనప పళ్ళెం తుప్పు తిని జల్లెడకంటె అన్యాయంగా తయారయింది. గిన్నె అంచు తుడిచి చూస్తే పేరు కొట్టించి ఉంది. తెలుగు అక్షరాలు చుక్కలు చుక్కలుగా పొడిచారు. పక్కన 1949 అని ఉంది. ఆ పేరు తాతగారిది కాదు, మామ్మదీ కాదు. మా మేనత్తది.

అప్పటికి అత్తయ్య బెజవాడలో మా ఇంట్లోనే ఉన్నది. అది కోరి వచ్చిన రాక కాదు. అంతకు ముందు ఏడు బాపట్లలో తన అద్దెగది గుమ్మంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేయించి, నేనే తీసుకు వచ్చేశాను. డెబ్బై మూడేళ్ళ మనిషిని ఆ స్థితిలో ఒంటరిగా వదిలేదెవరు? మా ఆవిడ ఆమెను కన్నతల్లిలాగే చూసుకున్నది. అయినా అత్తయ్య తిండి రోజురోజుకీ తగ్గిపోతూ వచ్చింది. వడ్డించినది వద్దనదు, సగం తిని కంచం ముందు నుంచి లేస్తుంది. "బాగుందమ్మాయ్" అంటుంది. ఆ బాగుందమ్మాయ్ అన్న మాటకు మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

అత్తయ్య కథ కొంత చెప్పాలి. 1938లో, పన్నెండో ఏట ఆమెకు పెళ్ళి చేశారు. శారదా చట్టం అప్పటికే అమలులో ఉన్నది. అందుకని పిల్లనూ పిల్లవాణ్ణీ తీసుకుని యానాం వెళ్ళారు. యానాం ఫ్రెంచివారిది, అక్కడ ఆ చట్టం చెల్లదు. ఆ రోజుల్లో అలా పడవలెక్కి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకు వచ్చినవాళ్ళు కోకొల్లలు. ఆ ఊరికి కళ్యాణపురమని పేరే వచ్చింది. మూడేళ్ళు తిరగకుండా ఆ పిల్లవాడు పోయాడు. అత్తయ్య కాపురానికి వెళ్ళనే లేదు. ఇంటి పెద్దలు చెప్పిన దారి ఒకటి, తాతగారు పట్టిన దారి ఇంకొకటి. దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో ఆమెను చేర్పించారు. అక్కడ బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు చదివి, ప్యాసయి, తరువాత టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేసింది. 1949లో బాపట్లలో ఉద్యోగమైంది.

ఉద్యోగం దొరికింది, గది దొరికింది. మరి అన్నం? ఇరవై మూడేళ్ళ విధవ హోటలుకు వెళ్ళి భోంచేయటం అప్పట్లో ఊహలోని మాట కాదు. వంటమనిషిని పెట్టుకునే జీతమూ కాదు. పోనీ తానే వండుకుందామంటే పదింటికల్లా బడిలో ఉండాలి, పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తూ కూర్చోవటానికి వీలుండదు. తాతగారు మద్రాసు వెళ్ళి ఆ కుక్కరు కొని, పేరు కొట్టించి, రైల్లో తెచ్చి ఆమె గదిలో పెట్టారు. ఎనిమిదింటికి నిప్పులు వేసి గిన్నెలు సర్ది మూత పెడితే, మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి అన్నం, పప్పు, కూర పొగలు కక్కుతూ ఉండేవి. అడుగంటదు, మాడదు, పొంగిపోదు. లోపల ఉన్నది మరిగే నీళ్ళ ఆవిరి; నూరు డిగ్రీలకు మించి వేడెక్కలేదు గనక మాడటమన్న ప్రశ్నే రాదు. నీళ్ళు ఇగిరిపోకుండా చూసుకుంటే చాలు.

ఇవన్నీ నాకు తాతగారి ఇంట్లో కొంత, ఆ తరువాత అత్తయ్య నోట కొంత తెలిశాయి. ఆ రోజు మాత్రం తెలిసినంత మేరకే అన్నయ్యతో చెప్పాను. అన్నయ్య తరాజు వైపు చూశాడు, కుక్కరు వైపు చూశాడు. "తీసుకుపో" అన్నాడు. నాలుగో గిన్నె ఏమైందని ఇల్లంతా వెతికితే, వంటింట్లో ఉప్పుజాడీ మీద మూతగా బోర్లించి ఉంది. ఎన్నేళ్ళ నుంచి ఆ ఉద్యోగం చేస్తున్నదో!

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని బెజవాడ తెచ్చాను. అత్తయ్య చూసింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. వాకరు పట్టుకుని దగ్గరకు వచ్చి, వంగలేక, "ఆ మూడో గిన్నె అడుగున సొట్ట ఉండాలి, చూడరా" అన్నది. చూస్తే ఉంది.

"కళాయి పోయింది. దీంట్లో ఇప్పుడు చింతపండు పడితే చిలుమెక్కి చస్తాం" అన్నది మళ్ళీ. అంతే, అక్కడితో నాకు ఉత్తర్వు జారీ అయినట్టే.

బాగు చేయించే ముందు శుభ్రం చేయాలి. పాత ఇత్తడిని మెరిపించాలన్న ఆత్రంతో యాసిడు పోసేవాళ్ళున్నారు. గాఢమైన యాసిడు ఇత్తడిలోని జింకును లాగేస్తుంది. పైన ఎర్రటి రాగి పొర మిగిలి, వస్తువు జబ్బుమనిషిలా కనిపిస్తుంది. మాకు ఆ తొందర లేదు. చింతపండు, ఉప్పు, మెత్తటి ఇటుకపొడి, కొబ్బరిపీచు – ఇవే మా ఆయుధాలు. వరసగా నాలుగు ఆదివారాలు పట్టింది. మసి కింద నుంచి పసుపు రంగు బయటపడుతుంటే మా పిల్లలు కూడా వచ్చి చేతులు వేశారు. వెంట వెంటనే కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టాలి. తడి ఉంటే తెల్లవారేసరికి మళ్ళీ మచ్చలు దిగుతాయి.

నిప్పుల పళ్ళెం ఆటోనగరులో చేయించాను. లారీలు బాగుచేసే ఆ పేటలో నా పళ్ళెం చూసి నవ్వనివాడు లేడు. నేను నల్లరేకుతోనే చేయమని పట్టుబట్టాను. తెల్లగా మెరిసే జింకు పూత రేకు వానకు మంచిదే గాని నిప్పుకు పనికిరాదు. పూత కాలి వచ్చే పొగ ఒంటికి చెడుపు. చివరికి ఒక కుర్రవాడు పాత పళ్ళేన్ని ముందు పెట్టుకుని, చిల్లులు లెక్కపెట్టి, అచ్చం అలాంటిదే కొట్టి ఇచ్చాడు. ఊడిన చేతిపిడికి అతుకు కూడా అతనే వేశాడు.

ఇక కళాయి. ఒకప్పుడు "గిన్నెలకు కళాయి వేస్తాం, బిందెలకు మాట్లు వేస్తాం" అని కేకలు వేసుకుంటూ వీధి వీధికీ వచ్చేవారు. స్టీలు వచ్చింది, ఆ కేక ఆగిపోయింది. వన్‌టౌనులో ఒక ముసలి సాయిబుగారు ఇంకా ఆ పని చేస్తున్నారని తెలిసి వెళ్ళాను. చిన్న కొట్టు, ముందు నేలలో గుంట, గుంటలో బొగ్గులు, పక్కన చేత్తో తిప్పే గాలిమర. కుక్కరు చూడగానే ఆయన ముఖం వెలిగింది. "ఇవి మా నాయన చేతిలో చూశాను బాబూ, నా చేతికి రావటం ఇదే" అన్నారు.

తగరం నేనే కొని తెచ్చుకుంటానన్నాను. ఆయన కోప్పడలేదు సరికదా, మెచ్చుకున్నారు. చవక తగరంలో సీసం కలుపుతారు. పూత నిగనిగలాడుతుంది, తిన్నవాడికి మెల్లగా విషమెక్కుతుంది. సాయిబుగారు నేను తెచ్చిన కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా వంచారు. కిరకిరమని సన్నని శబ్దం వచ్చింది. నా చెవి దగ్గర కూడా పెట్టి వినిపించారు. "ఏడుస్తున్నది చూశారా? అసలైన తగరం వంచితే ఏడుస్తుంది. సీసం ఎక్కువైతే నోరు పడిపోతుంది" అన్నారు.

తరువాతి పని చూసి తీరవలసిందే గాని చెబితే చాలదు. గిన్నెను పట్టకారుతో పట్టి నిప్పుల మీద తిప్పుతారు. సరిగ్గా వేడెక్కిందని ఆయన కంటికే తెలుస్తుంది; తగరం కరగటానికి 232 డిగ్రీలు కావాలని పుస్తకాల్లో ఉంది, ఆయన దగ్గర ఉన్న కొలత కన్నొక్కటే. అప్పుడు నవాసాగరం పొడి చిటికెడు చల్లుతారు. గుప్పున తెల్లటి పొగ లేస్తుంది, ముక్కు పగిలే ఘాటు. ఆ పొడి లోహం మీది మురికినీ, కాలిన పొరనూ తినేస్తుంది. అది లేకపోతే తగరం అంటుకోదు. వెంటనే కడ్డీని గిన్నెకు ఆనించి గీస్తారు. తగరం బొట్లు బొట్లుగా కరిగి పాదరసంలాగా పరుగెత్తుతుంది. దూది ఉండతో ఒక్క చుట్టు చుట్టారో లేదో, నల్లగా ఉన్న గిన్నె లోపలంతా వెన్నెల పరచినట్టయింది. అదే ఊపులో నీళ్ళ తొట్టిలో ముంచితే చుయ్యిమన్నది. ఒక్కొక్క గిన్నెకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. కూలి అడిగితే ఆయన చెప్పిన మొత్తం నేను తగరానికి పెట్టిన దానిలో సగం లేదు. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. "వండిన రోజున నా పేరు చెప్పుకోండి" అన్నారు.

ఇంటికి తెచ్చాక అసలు చిక్కు మొదలైంది. బొగ్గులు ఇస్త్రీబండి వాడి దగ్గర దొరికాయి. అత్తయ్య కుర్చీలో కూర్చుని, స్టూలు మీద గిన్నెలు పెట్టించుకుని, తానే బియ్యం కడిగింది. అడుగు గిన్నెలో కందిపప్పు, దాని మీద అన్నం, ఆపైన దోసకాయ ముక్కలు, అన్నిటికీ పైన ఖాళీగా ఒకటి. పావుకిలో కంటె బొగ్గు పట్టలేదు. కుక్కరును వెనక వసారాలోనే పెట్టించింది, లోపలికి రానివ్వలేదు. బొగ్గు నుంచి పుట్టే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. గది తలుపులు మూసుకుని కుంపటి పెట్టుకు పడుకున్నవాళ్ళు మరి లేవని సంగతులు ప్రతి చలికాలమూ పేపర్లో చదువుతూనే ఉంటాం. యాభై ఏళ్ళ కిందట ఆమెకు ఇదంతా ఎవరు చెప్పారో గాని, కుక్కరు గడప దాటకూడదన్నది ఆమె శాసనం.

ఎనిమిదింటికి మూత పెట్టాం. తొమ్మిదిన్నరకు పప్పు వాసన వచ్చింది. పదింటికి మూత తీస్తే మెతుకు మెతుకుకూ అంటకుండా అన్నం! ఆ పూట అత్తయ్య కంచంలో పెట్టుకున్నది పెట్టుకున్నట్టు తిని, మళ్ళీ వడ్డించుకున్నది. నాకు పట్టరాని సంతోషం. చూస్తే మా ఆవిడ లేదు. పెరట్లో బట్టలు ఆరేసే తీగ కింద నిలబడి ఉంది.

"సంవత్సరం నుంచీ చేసిపెట్టాను. నా చేతి ముద్ద దిగలేదు గాని ఆ పీపాలోది దిగింది" అన్నది.

దానికి నేను చెప్పగలిగిన సమాధానం ఏమీ లేదు. అత్తయ్యే చెప్పింది. మర్నాడు మా ఆవిణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నది.

"అమ్మాయ్, నీ వంటకు వంక పెడితే నా కళ్ళు పోతాయి. చూడు, నాకు ఒకరు వడ్డిస్తే తినటం అలవాటు తప్పిపోయింది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ప్రతి ముద్దకూ ఎవరో ఒకరు నా ముఖం చూసి నిట్టూర్చేవారు. ఆ కుక్కరు వచ్చిన రోజున నేనొక్కదాన్నే కూర్చుని, ఎవరూ చూడకుండా, కడుపు నిండా తిన్నాను. అంతే."

మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత "అయితే పిన్నిగారూ, రేపటి నుంచి కూరలు నేను తరిగి పెట్టవచ్చునా?" అని అడిగింది.

"వంకాయలైతే తరుగు. బెండకాయలు నేనే తరుగుతాను, నువ్వు మరీ సన్నగా తరుగుతావు."

నెల తిరగకుండా అత్తయ్య వసారాలో వాకరు లేకుండా నాలుగడుగులు వేసింది. రెండు నెలలకు చేతికర్రకు దిగింది. మూడో నెలలో, నేను ఊహించి భయపడుతున్న మాట రానే వచ్చింది. బాపట్ల వెళతానన్నది. డాక్టరుగారు వద్దన్నారు. అన్నయ్య వచ్చి కేకలు వేశాడు: "బుద్ధి ఉందా నీకు? పడిపోయిన మనిషికి నిప్పులు అందిస్తావా?" అని నన్ను. అన్నయ్య మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఆమె మళ్ళీ పడితే నలుగురూ వేలెత్తి చూపేది నన్నే. కుక్కరును అటక ఎక్కించేస్తే ఆమె ప్రయాణం ఆగిపోతుందని కూడా నాకు తెలుసు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి 2001 వేసవిలో, కింద గది, రెండు మెట్లే ఉన్న వాకిలి, పక్క వాటాలో మనుషులు ఉన్న ఇల్లు బాపట్లలో వెతికి పెట్టాను. కుక్కరును గోనెసంచిలో చుట్టి కట్టింది మా ఆవిడే.

అక్కడ అత్తయ్య ఎనిమిదేళ్ళున్నది. మళ్ళీ పడలేదు. సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పేది, డబ్బు పుచ్చుకునేది. కార్డులు రాసేది; కార్డులో సగం నా క్షేమం, సగం బొగ్గుల సంగతి. ఇస్త్రీవాళ్ళ బొగ్గు చిటపటలాడుతున్నదనీ, సరుగుడు బొగ్గు అయితే నిలకడగా కాలుతుందనీ, వచ్చేటప్పుడు ఎక్కడైనా చూసి తెమ్మనీ. సరుగుడు తోటల పక్కన ఊళ్ళో కాపురముంటూ బెజవాడ నుంచి బొగ్గులు తెమ్మనటం ఏమిటంటే, "ఇక్కడివాడు నాకు తూకంలో మోసం చేస్తాడు, నీకు చేస్తే నాకు బాధ లేదు" అన్నది. ఆ ఎనిమిదేళ్ళలో రెండుసార్లు గిన్నెలు తెచ్చి సాయిబుగారి చేత మళ్ళీ కళాయి వేయించాను. 2009లో, ఎనభై మూడో ఏట, నిద్రలో వెళ్ళిపోయింది. కుక్కరు నిండా ముందురోజు రాత్రి కడిగి బోర్లించిన గిన్నెలు ఉన్నాయి.

ఇప్పుడది మా ఇంట్లో ఉన్నది. పాత సామాన్లు అమ్మే వర్తకుడొకడు వచ్చి, అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్ళు ఉన్నారని మంచి ధరే చెప్పాడు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చి పంపించింది. నెలకొక ఆదివారం వసారాలో వెలిగిస్తాం. కిందటి నెల చూస్తే అడుగు గిన్నెలో కళాయి అరిగి, రూపాయి బిళ్ళంత మేర ఇత్తడి బయటపడింది. వన్‌టౌనులో సాయిబుగారి కొట్టు మూతపడి చాలా కాలమైంది. గుంటూరులో ఒకరు ఉన్నారని విన్నాం, వచ్చే వారం గిన్నెలు పట్టుకుని వెళ్ళాలి. ఆయనకు చూపించటానికి తగరం కడ్డీ ముక్క ఒకటి నా దగ్గర ఇంకా మిగిలి ఉంది. అప్పటి దాకా ఆ గిన్నెలో పప్పుచారు పెట్టటానికి వీల్లేదని మా ఆవిడ ఆంక్ష.